పరదా వెనక రెండు గీతలు

వెలుతురును కొలవడం నాకు నా భార్య నేర్పింది. ఆమె బతికి ఉండగా ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. నేనే ఆమెకు నేర్పానని ఇద్దరు ముగ్గురితో అన్నాను. ఆమెకు అసలు రాదని ఒకసారి అన్నాను. ఆమె పోయి మూడు నెలలు దాటింది. జరిగింది జరిగినట్టు రాయడం తప్ప ఇప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు.

నేను సికిందరాబాదులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తాను. ఉండేది మేడ్చల్లో. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ఆ పనిలో నాకు ఏడేళ్ళు నిండాయి. ఫోటోల పని మీద ఉర్దూలో, ఇంగ్లీషులో దొరికిన పుస్తకాలన్నీ రైల్లో కూర్చుని చదివేవాణ్ణి. స్టూడియో యజమాని కూడా అంత చదవలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు తెలుసు, అది నాకు బాగుండేది.

నా భార్యది పక్కనే ఉన్న అత్వెల్లి. వాళ్ళ ఇంట్లో మిరప వేసేవారు. ఆమెకు చదువు లేదు. పెళ్ళయి మా ఇంటికి వచ్చాక కూడా మిరపకాయలు ఎండబెట్టే పని ఆమెదే, ఎందుకంటే ఆమె ఎండబెట్టిన కాయ రంగు పోదు. ఆ పని చూడటానికి ఏమీ ఉండదు. చెయ్యి చాచి, కింద పడిన నీడ అంచు చూసేది. అంచు కత్తితో కోసినట్టు ఉంటే కాయల మీద గోనెపట్టా కప్పేది. అంచు మెత్తబడితే పట్టా తీసేది. రోజుకు పది సార్లు తీసి, పది సార్లు కప్పేది. నేను ఆ పక్కనుంచే పుస్తకం పట్టుకుని రైలుకు పోయేవాణ్ణి.

యుద్ధం ముగిసిన తర్వాతి చలికాలంలో ఒకాయన మా స్టూడియోకు వచ్చాడు. శామీర్‌పేట చెరువు కింద భూములున్న ముస్లిం కుటుంబానికి పెద్ద. మేమంతా ఆయన్ని సాబ్ అనేవాళ్ళం. తిరుమలగిరి మిలిటరీ దండు నుంచి తన దేశానికి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర ఆయన సినిమా తీసే కెమెరా కొన్నాడు. గడియారానికి ఇచ్చినట్టు దానికి కీ ఇవ్వాలి. కీ ఇచ్చి బొత్తాం నొక్కితే గరగరమని తిరుగుతుంది.

"దీన్ని నడిపెటోడు కావాలె" అన్నాడు సాబ్. "ఫోటో అంటే బొమ్మ లెక్క నిలబడుడు. దీంట్ల మనుషులు నడుస్తరు, నవ్వుతరు."

నేను శామీర్‌పేటకు దగ్గరి మేడ్చల్ నుంచి వస్తానని యజమాని నన్ను చూపించాడు. ఆ ఆదివారం సైకిలు మీద శామీర్‌పేట వెళ్ళాను.

ఆ కెమెరాలో కష్టమైన పని ఒక్కటే. లెన్సు చుట్టూ ఒక రింగు ఉంటుంది. దాని మీద ఆరు గీతలు, ఒక్కో గీత పక్కన ఒక అంకె. రింగును ఒకవైపు తిప్పితే లెన్సు కన్ను విప్పుకుంటుంది, రెండోవైపు తిప్పితే ముడుచుకుంటుంది. ఒక్కో గీతకు లోపలికి పోయే వెలుతురు సగం తగ్గుతుంది, లేదా రెట్టింపవుతుంది. ఎండకు ముడవాలి, నీడకు విప్పాలి. ఇంతే. ఎంత ముడవాలి, ఎంత విప్పాలి అన్నది చూసేవాడి కంటికి వదిలేశారు. ఫిల్ము పెట్టెలో ఒక కాగితం వస్తుంది గానీ, అది వేరే దేశపు ఎండను చూసి రాసింది.

స్టూడియోలో ఈ లెక్క కొంత తప్పినా ఫరవాలేదు. చీకటిగదిలో కాగితం మీద అచ్చు తీసేటప్పుడు దిద్దుకోవచ్చు. అందుకని కన్ను కొంచెం ఎక్కువగానే విప్పి ఉంచడం మాకు అలవాటు. సినిమా రీలుకు ఆ దిద్దుబాటు లేదు. దాన్ని బొంబాయి పంపాలి. కడిగి వెనక్కి పంపుతారు. మనం తీసిన రీలే బొమ్మయి వస్తుంది. తప్పు చేస్తే ఆ తప్పే గోడ మీద కదులుతుంది.

మొదటి రీలు నేను స్టూడియో అలవాటుతోనే తీశాను. చెరువు, కట్ట మీద నడిచే మనుషులు, సాబ్, ఆయన తమ్ముడు. నెల తర్వాత రీలు తిరిగి వచ్చింది. సాబ్ దగ్గర చేతితో తిప్పే చిన్న యంత్రం ఉంది, మోటారు బ్యాటరీకి కలిపిన దీపంతో నడిచేది. మధ్యాహ్నం పూట, బయటి మగవాళ్ళను కూర్చోబెట్టే దివాన్‌ఖానా తలుపులు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టి చూశాము. దుప్పటి మీద దుప్పటే కనిపించింది.

"ఇదేంది మియా, మా చెరువుల నీళ్ళున్నయా పాలున్నయా?" అన్నాడు సాబ్.

"నేనెక్కడున్న భయ్యా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు లేవు. నీ టోపీ ఒక్కటే నడుస్తాంది సూడు."

నిజంగానే ఆయన ఎర్ర రూమీటోపీ ఒక్కటే తెలుపులో తేలుతూ కట్ట మీద పోతోంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను.

"ఏమైంది?" అంది నా భార్య.

చెప్పాను.

"ఏ పొద్దుకు తీసినవ్?"

"పన్నెండింటికి."

"మాడు మీది ఎండల మిరపకాయలే తెల్లబారతయి. మనుషులు బారరా?"

మా అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఇది మిరపకాయల పని కాదని, లోపల అద్దాలు ఉంటాయని, లెక్కలు ఉంటాయని చెప్పాను. ఆమె సరే అని ఊరుకుంది. రెండో రీలు తీసేటప్పుడు నేను పొద్దెక్కకముందే వెళ్ళాను, ప్రతి మనిషి దగ్గరా నేల మీద నా చేతి నీడ చూసుకుని రింగు ముడిచాను. ఆ రీలు బాగా వచ్చింది. సాబ్ నా భుజం తట్టాడు. ఇంటికి వచ్చి, పుస్తకంలో మళ్ళీ చూసుకున్నానని చెప్పాను.

అప్పుడు సాబ్ అసలు సంగతి బయటపెట్టాడు. ఆయన కెమెరా కొన్నది చెరువు కోసం కాదు, తల్లి కోసం. పెద్దావిడకు వానాకాలం నుంచి ఆయాసం. గుండె బలం తగ్గిందని హకీం చెప్పాడు.

"మా అబ్బా పోయి పద్దెనిమిదేండ్లు" అన్నాడు సాబ్. "ఒక్క ఫోటో లేదు. కండ్లు మూసుకుంటే ఆయన శేర్వానీ యాదికొస్తది, చేతికర్ర యాదికొస్తది. మొకం రాదు. అమ్మీది గట్ల కావద్దు నాకు."

ఆయన స్వయంగా ఒక రీలు ప్రయత్నించాడు, పిల్లల మీద. అంతా బొగ్గులా నల్లగా వచ్చింది. తన చేతికి ఆ రింగు లొంగదని వదిలేశాడు. నేను తీయడానికి లేదు. పెద్దావిడ పరదాలో ఉంటుంది. ఆమె గొంతు నేను విన్నాను గానీ, ఆమెను ఎన్నడూ చూడలేదు. దివాన్‌ఖానాకు లోపలి వాకిలికి నడుమ ముదురు ఆకుపచ్చ పరదా ఉండేది. ఆ రోజు తల్లీకొడుకుల వాదం దాని వెనక నుంచి విన్నాను.

"బొంబాయిల కడిగెటోడు నా మొకం చూడడా?"

"వాడు మస్తు మందిని చూస్తడమ్మీ. ఎవరు ఎవరో వానికేం తెలుసు?"

"తెల్వకుంటే మాత్రం? మొగోడు కాదా వాడు?"

"మెషిన్ కడుగుతదట."

"చిన్నప్పుడు గూడ గిట్లనే అబద్ధాలు చెప్తుంటివి. బెల్లం చీమలు తిన్నయంటివి."

చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. బొంబాయివాడి పాపం బొంబాయివాడిది. తన ముందు నిలబడి తీసేది మాత్రం ఆడమనిషి కావాలి. సాబ్ పరదా తొలగించుకుని నా దగ్గరకు వచ్చాడు.

"మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

ఉన్నదని చెప్పాను. సికిందరాబాదు కొట్లో అప్పటికి ఒకే ఒక రీలు మిగిలి ఉంది. మళ్ళీ సరుకు ఎప్పుడొస్తుందో కొట్టువాడికే తెలియదు. ఆ రీలు సాబ్ తెప్పించి పెట్టాడు. నాలుగు నిమిషాల రీలు. ఆ నాలుగు నిమిషాల్లో పెద్దావిడ మొకం సరిగ్గా రావాలి.

ఖాళీ కెమెరా ఇంటికి తెచ్చి నా భార్యకు నేర్పడం మొదలుపెట్టాను. కీ ఇవ్వడం, మూడు కాళ్ళ స్టాండు మీద బిగించడం, బొత్తాం నొక్కడం ఒక సాయంత్రంలో పట్టుకుంది. ఇంగ్లీషు అంకెలు రావు కాబట్టి గీతలు లెక్కపెట్టుకుంది. బాగా ముడిచిన చోటు మొదటి గీత, బాగా విప్పిన చోటు ఆరో గీత. ఎండను చూసి ఎన్నో గీతో చెప్పమన్నాను. చెయ్యి చాచి నీడ అంచు చూసేది, తర్వాత అరచెయ్యి తిప్పి దాని మీద వెలుతురు చూసేది, అప్పుడు చెప్పేది. తడుముకునేది కాదు. నాకు మాత్రం చెప్పే ముందు పుస్తకంలోని పట్టిక గుర్తు చేసుకోవలసి వచ్చేది.

మా యజమాని బీరువాలో వెలుతురు కొలిచే మీటరు ఒకటి ఉండేది. దాని మీద ముల్లు కదిలి అంకె చూపిస్తుంది. ఒక ఆదివారం కోసం దాన్ని అడిగి తెచ్చాను. ఆమె తప్పు ఎక్కడో చూపించాలని తెచ్చాను. ఇందులో ఇంకే మంచి ఉద్దేశమూ లేదు.

వాకిట్లో, అరుగు మీద, గోడ పక్కన, గడ్డివాము నీడలో, ఆఖరుకు మబ్బు పట్టినప్పుడు, ఐదు చోట్ల చూశాము. ముందు ఆమె చెప్పేది, తర్వాత నేను, తర్వాత మీటరు. ఐదింట్లో నాలుగు చోట్ల ఆమె చెప్పిందే మీటరు చెప్పింది. ఐదోది అర గీత తేడా. నేను రెండు చోట్ల గీతకు పైగా తప్పాను.

మా అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏడేండ్లు రైలుకు తిరిగినవ్ కొడకా. ఆ రైలు కోడలెక్కినా బాగుండె."

"ఊకో అత్తా" అంది నా భార్య. కానీ ఆమె నవ్వు ఆపుకుంటోంది. నాకు కనిపించింది.

నాకు కుళ్ళు పుట్టింది. ఇంతకంటే మంచి మాట వాడితే అది అబద్ధం అవుతుంది. ఇంకొకడు నన్ను మించి ఉంటే వాడి పుస్తకం తెచ్చుకుని చదివేవాణ్ణి. ఈమె దగ్గర పుస్తకం లేదు. నేను సంపాదించుకున్నది ఆమెకు ఊరికే ఉంది. అది ఉందని కూడా ఆమెకు తెలియదు. చీపురు ఎక్కడుందో చెప్పినట్టు నాలుగో గీత అని చెప్పేది. ఆ రాత్రి నేను ఆమెతో మాట్లాడలేదు. ఎందుకో ఆమె అడగలేదు.

సాబ్ మా ఇంటికి పైకప్పు కట్టిన ఎద్దుబండి పంపాడు. ఆమె బండిలో, నేను వెనక సైకిలు మీద శామీర్‌పేట చేరాము. మార్చి ఎండ. దివాన్‌ఖానా ముందు వాకిట్లో నిలబడి నేను రెండో గీతకు రింగు తిప్పాను.

"ఇదే ఉంచు" అన్నాను.

"లోపల ఎట్లుంటదో చూడాలె గద" అంది.

"ఎండ ఒక్కటే. లోపల వేరే సూర్యుడు ఉండడు."

ఆమె కెమెరా, స్టాండు పట్టుకుని పరదా దాటి వెళ్ళింది. నేను సాబ్ పక్కన కూర్చున్నాను. లోపల ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి. మంచం జరిపిన చప్పుడు. ఎవరో నవ్వారు. పెద్దావిడ నా భార్యను ఊరు పేరు అడుగుతోంది. నేను పనిచేసిన ఇళ్ళల్లో ఒక చోటికి నేను పోలేకపోవడం, ఆమె పోవడం అదే మొదలు.

సాబ్ టీ తెప్పించాడు.

"మీ ఆవిడ హుషారు మియా. స్టాండు ఇట్ల పట్టుకొని పోయింది, పదేండ్ల సంది ఇదే పని అయినట్టు."

నేను టీ తాగాను. అప్పుడు పరదా వెనక నుంచి ఆమె పిలిచింది.

"ఇగో, వింటున్నవా?"

"ఏంది?"

"పెద్దమ్మ నడవల కూసున్నది. ఎండ వాకిట్లనే ఆగిపోయింది, ఈడికి వస్తలేదు. నీడకు అంచే లేదు. రెండు గీతలు తిప్పాల్నా?"

ఆమె చెప్పింది నేను చూస్తున్నట్టే నాకు కనిపించింది. నడవ కప్పు కింద మనిషి. ముందు వాకిట్లో తెల్లటి ఎండ. రెండు గీతలు విప్పాలి. ఇందులో సందేహం లేదు. మాట వినగానే నాకు తెలుసు. సాబ్ నా వైపు తిరిగి, ఏం చెబుతానో అని చూస్తున్నాడు. అవును తిప్పు అంటే, బయట నేను పెట్టింది తప్పని, ఆమె పట్టుకుందని ఆయనకు తెలుస్తుంది.

"వద్దు" అన్నాను. "నేను పెట్టిన కాడనే ఉంచు."

లోపల స్టాండు జరిపిన చప్పుడు అయింది.

"మంచిది" అంది.

తర్వాత కెమెరా గరగర మొదలైంది. ఆగింది, మళ్ళీ కీ ఇచ్చిన చప్పుడు, మళ్ళీ గరగర. ఆ నాలుగు నిమిషాలూ నేను టీ కప్పు అడుగు చూస్తూ కూర్చున్నాను. లేచి వెళ్ళి పరదా ఇవతల నుంచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన తల్లి మొకం నల్లగా వస్తుందని, ఇంకో రీలు లేదని, ఆమె ఇంకెన్నాళ్ళు ఉంటుందో తెలియదని నాకు తెలుసు. తెలిసీ కూర్చున్నాను.

ఆమె బయటికి వచ్చింది. కెమెరా చేతికి తీసుకోగానే ముందు రింగు చూశాను. రెండో గీత మీదే ఉంది.

రీలు బొంబాయి వెళ్ళింది. ఆ నెల రోజులు నేను నిద్రపోయింది తక్కువ. ఎట్లా వచ్చినా తప్పు ఆమె మీదకు పోతుంది, ఆడమనిషి, కొత్త, చెయ్యి వణికి ఉంటుంది అంటారు. ఈ ఆలోచన నాకు ఊరట ఇచ్చింది. ఊరట ఇచ్చిందని రాయడానికి నాకు ఇష్టం లేదు, కానీ ఇచ్చింది.

రీలు వచ్చిన రోజు సాబ్ కబురు పంపాడు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి చూద్దామనుకున్నాడట గానీ, నేను ఒక్కణ్ణే వెళ్ళాను. తలుపులు మూశారు. సాబ్ యంత్రం తిప్పాడు.

మొదట చీకటి. ఆ చీకట్లో మసకగా ఒక అరచెయ్యి వచ్చింది. అటూ ఇటూ తిరిగింది. నా భార్య చెయ్యి. బొత్తాం ముందే నొక్కి, కెమెరా తిరుగుతున్న సంగతి మరిచి చెయ్యి అడ్డం పెట్టుకుని వెలుతురు చూసుకుంది. చెయ్యి పక్కకు తప్పుకుంది. వెనక పెద్దావిడ నీడలా కూర్చుని ఉంది, మొకం తెలియడం లేదు. అప్పుడు బొమ్మ ఒకసారి తేటపడింది, ఒక క్షణం ఆగి ఇంకోసారి తేటపడింది. రెండు గీతలు. ఆ తర్వాత పెద్దావిడ కళ్ళు, కళ్ళ పక్క ముడతలు, ముక్కుపుడక, నవ్వినప్పుడు పైకి లేచే ఒక చెంప, అన్నీ కనిపించాయి. నేను ఆమెను చూడటం అదే మొదలు. ఆమె మొకం నేను చూడటానికి సాబ్ ముందే తల్లిని ఒప్పించాడని తర్వాత తెలిసింది.

సాబ్ యంత్రం తిప్పడం ఆపలేదు, కానీ ఆయన చెయ్యి నెమ్మదించింది, పెద్దావిడ కూడా నెమ్మదిగా కదలసాగింది. ఆయన ఏడుస్తున్నాడు.

నేను చూస్తున్నది వేరు. నా భార్య నా మాట వినలేదు. విన్నట్టు మంచిది అంది. పని అయ్యాక, నేను చూస్తానని తెలిసి, రింగును మళ్ళీ రెండో గీతకు తిప్పి పట్టుకొచ్చింది. నా పరువు కోసం. ఆమె నా మాట వినకపోవడాన్ని నేను ఓర్చుకోగలిగేవాణ్ణేమో. నా పరువు కాపాడటాన్ని ఓర్చుకోలేకపోయాను.

తలుపులు తీశాక సాబ్ నా చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నువ్వు బయట కూసొని వద్దు అన్నవు సూడు. చూడకుండనే చెప్పినవు. గదీ ఉస్తాద్ పని."

అలా అని నా మొకంలోకి చూశాడు. నేను తల వంచుకున్నాను. అది వినయం అనుకున్నాడని అనుకున్నాను.

"మొదట్ల ఆ చెయ్యి ఏంది?"

"పనికిరాని ముక్క సాబ్. మొదట్లో అట్లనే వస్తది. కోసేస్త."

కోసి, అతికించి ఇచ్చాను. జానెడు తక్కువ గజం ముక్క. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, ఆమె నీళ్ళకు పోయినప్పుడు పొయ్యిలో పెట్టాను. అది మండలేదు, ముడుచుకుపోయి వాసన కొట్టింది. ఆమె బిందె దించుతూ అడిగింది.

"ఏందా వాసన?"

"పనికిరాని ముక్క."

"రీలు ఎట్లొచ్చింది?"

"వచ్చింది."

నేను ఇంకా ఏదన్నా అంటానేమోనని ఆమె బిందె పక్కనే నిలబడింది. తర్వాత అన్నం వండటానికి కూర్చుంది.

ఆ వేసవిలో పేట్ బషీరాబాద్ నుంచి, దుండిగల్ నుంచి సాబ్ చుట్టాలు మనుషుల్ని పంపారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పరదా ఉంది, వాళ్ళకూ తల్లులు ఉన్నారు. శామీర్‌పేటలో తీసిన ఆమె కావాలి అన్నారు. ఆ కబురు స్టూడియోకు, నా దగ్గరకు వచ్చింది. నేను చెప్పిన జవాబు ఇది: "ఆమెకు రాదు. ఆ రోజు నేను బయట నుంచి చెప్తే చెప్పినట్టు చేసింది."

వారం తర్వాత ఆమె గోనెపట్టా మడతపెడుతూ అడిగింది.

"నాకు రాదన్నవట?"

"ఎవరన్నరు?"

"బండి తోలినాయన అన్నడు. అంగడికాడ."

నేను పుస్తకంలో పేజీ తిప్పాను.

"రాకుంటే రాదు తియ్యి" అంది. "మిరపకాయలన్న ఎండబెట్ట వస్తది."

ఆమె కెమెరా మళ్ళీ ముట్టుకోలేదు. నేను ముట్టుకోమని అనలేదు. తర్వాత స్టూడియో కెమెరా ఎన్నోసార్లు మా ఇంట్లో ఉంది. ఆమె ఫోటో ఒకటి తీద్దామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. తీసేటప్పుడు ఆమె పక్కకు చూసి, నా రింగు ఎక్కడుందో కనిపెడుతుందని అనిపించేది. వాయిదా వేస్తూ వచ్చాను. పెద్దావిడ ఆ వానాకాలంలోనే పోయింది. మధ్యలో రాజ్యం మారింది, ఊళ్ళల్లో ఎవరు ఎవరిని నమ్మాలో తెలియని ఏడాది ఒకటి గడిచింది. ఈ ఏడు ఎండాకాలం చివర నా భార్యకు జ్వరం వచ్చింది, పన్నెండు రోజులు ఉంది, ఆమె పోయింది. దినాల నాడు చుట్టాలు ఫోటో అడిగారు. ఫోటోలు తీసే మనిషి ఇంట్లో ఆ ఇల్లాలి ఫోటో లేదు. కెమెరా ముందుకు ఆమె వచ్చింది ఒక్కసారే, అదీ అరచెయ్యి వరకే. దాన్ని నేను పొయ్యిలో పెట్టాను.

మూడో నెలలో సాబ్ కబురు పంపాడు. ఆయన కుటుంబం నగరానికి మారిపోతోంది, ఒకసారి వచ్చి పొమ్మని. వెళ్ళాను. దివాన్‌ఖానాలో సామాను కట్టి ఉంది. పరదా తీసేశారు. లోపలి నడవ ఇక్కడి నుంచే కనిపిస్తోంది. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మీ ఆవిడ మంచి మనిషి అని రెండు మాటలు అన్నాడు. తర్వాత యంత్రం బయట పెట్టించాడు.

"పోయే ముందల ఒకసారి చూద్దాం. నీకూ యాదుంటది."

తలుపులు మూశారు. రీలు ఇప్పుడు నేరుగా పెద్దావిడ మొకంతో మొదలవుతుంది. నేను అతికించిన చోట చిన్న కుదుపు. ఆమె కెమెరా పక్కనున్న మనిషిని చూస్తూ ఏదో అడుగుతోంది. పెదవులు కదులుతున్నాయి. జవాబు వింటోంది. విని ఒక్కసారిగా నవ్వింది, చెంప పైకి లేచింది, చేతితో నోరు కప్పుకుంది. ఆ నవ్వు నా భార్య తెప్పించింది. ఆమె ఏమందో నేను ఒక్కనాడూ అడగలేదు.

"సాబ్" అన్నాను. "ఆ రోజు రింగు తిప్పింది ఆమె. నేను వద్దన్న. నా మాట వినలేదు, అందుకే ఇట్ల వచ్చింది. ఆ చెయ్యి ముక్కల అది కనిపిస్తుండె. అందుకే కోసిన."

సాబ్ యంత్రం తిప్పుతూనే ఉన్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఎట్ల?"

"అమ్మీ అదే దినం చెప్పింది. మొగుడు వద్దన్నడు, పోరి మంచిది అనుకుంటనే తిప్పేసింది, మళ్ళ ఎనకకు తిప్పి పట్కపోయింది అని. వారం దినాలు చెప్పుకుంట నవ్వింది."

"మరి మీరు నన్ను ఉస్తాద్ అన్నరు."

"నువ్వేమన్న అంటవేమోనని అన్న. నీ మొకం చూసిన. నువ్వు తల వంచినవ్." ఆయన దుప్పటి వైపు తిరిగాడు. "ఆడమనిషి దాచింది, నేను బయట పెట్టుడేందని ఊకున్న."

రీలు అయిపోయింది. తెల్ల దుప్పటి మీద వెలుతురు మిగిలింది. ఆయన దాన్ని మళ్ళీ మొదటికి చుట్టి, అడక్కుండానే మళ్ళీ పెట్టాడు. పెద్దావిడ మళ్ళీ అడిగింది, మళ్ళీ విన్నది, మళ్ళీ నవ్వింది.

"ఈడ ఏమనుకున్నరో అమ్మీ చెప్పిందా?" అన్నాను.

"చెప్పింది. చెయ్యి పెట్టి చూసుడు ఎవరు నేర్పిన్రు బిడ్డా అని అమ్మీ అడిగింది."

"ఏమన్నదట?"

"మిరపకాయలు నేర్పినయి అన్నదట."

సాబ్ చీకట్లో తల్లిలాగే నవ్వాడు. నేనూ నవ్వాలని చూశాను. అది నిజం. ఆమె అబద్ధం చెప్పలేదు, నన్ను తక్కువ చేయనూ లేదు. పరదా వెనక, నేను వినని చోట, తెలిసినదే చెప్పింది. అయినా ఆ గదిలో కూర్చుని, ఆమె పోయిన మూడో నెలలో, మా ఆయన నేర్పిండు అని ఉంటే బాగుండునని అనుకున్నాను. మిరపకాయల మీద కుళ్ళుకున్నాను.

"ఇంకోసారి పెట్టండి సాబ్" అన్నాను.

ఆయన పెట్టాడు.